శ్రీశైలపు కాలిబాట: వసంతయాత్ర

మహాశివరాత్రికిని యుగాదికిని నడుమ నించుమించు ఒక మాసము మాత్రమే యంతరము. నల్లమల యడవిలో కుటుంబ సమేతముగా కాలినడకన పోవుటకు ఏడాదిలో యోగ్యమైన కాలము ఈ మాసమే యని పూర్వులు గుర్తించిరి. దీని కారణమును పంచాంగములో గాక యడవిలోనే వెదకవలెను. వర్షాకాలమున వాగులు పొంగి దారులు తెగిపోవును. గడ్డియు తీగలును మనిషి యెత్తు పెరిగి బాటను కప్పివేయును. వాన వెలిసిన పిమ్మట మన్యపు చలిజ్వరము పట్టుకొనును. హేమంతమున చలియే గాక కళ్లముల పనియు నుండును. మాఘము గడచునప్పటికి ధాన్యము గాదెలకు చేరును. ఆకు రాలి యడవి పలుచబడుటచే మృగము దూరమునుండియే కంటబడును. ఇక వైశాఖము వచ్చెనా, బండలు కాలును, కుంటలు ఇంకును. కావున ముసలి తల్లిని, చంటిబిడ్డను వెంటబెట్టుకొని గృహస్థుడు బయలుదేరదగిన వేళ ఫాల్గునము. అది తప్పినచో యుగాది.

శాస్త్రము ప్రకారము వసంతము చైత్రముతో గాని మొదలు కాదు. మోదుగచెట్టు మాత్రము పంచాంగమును చూడదు. శివరాత్రి నాటికే ఆకులన్నియు రాల్చుకొని యెఱ్ఱని పూలతో నిలుచును. కొండగోగు పసుపుపచ్చని పూలు, బూరుగ ఎఱ్ఱపూలు, ఇప్పపూల తియ్యని వాసన ఒకదాని వెంట నొకటిగా వచ్చి చైత్రమునకు దారి చూపును. నల్లమలలో నడచువానికి వసంతము ఒక తిథిగా రాదు, చెట్టు చెట్టుగా వచ్చును.

శ్రీశైలము కృష్ణానది కుడిగట్టున, నేటి నంద్యాల జిల్లాలో నున్నది. 2022వ సంవత్సరమున ఈ జిల్లా యేర్పడు వఱకు అది కర్నూలు జిల్లాలోనిది. ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటియు, అష్టాదశ శక్తిపీఠములలో ఒకటియు ఒకేచోట వెలసిన క్షేత్రమగుటచే నలుదిక్కులనుండి జనము వచ్చెడివారు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము ఈ క్షేత్రమునకు ద్వారములని ప్రసిద్ధి. ఇన్ని ద్వారములున్నను, పడమటి సీమలనుండియు కన్నడ దేశమునుండియు వచ్చు జనులు ఎక్కువగా త్రొక్కిన బాట ఆత్మకూరు బాట. ఆత్మకూరు దాటి వెంకటాపురము మీదుగా నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెఱువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారము, అటుపై శ్రీశైలము. అంతయు 40 కిలోమీటర్లకు పైబడిన నడక. బలవంతుడు రెండు దినములలో ముగించును. పిల్లలతో పోవువారికి మూడవ దినము తప్పదు.

ఈ మజిలీల పేళ్లను ఒకసారి నిదానముగా చదివినచో ఈ బాట చరిత్ర సగము తెలియును. కుంట, చెఱువు, బావి, కొలను. ఒక రాజు పేరు గాని, ఒక కోట పేరు గాని లేదు. బాట వేసినవారు కొండ యెత్తును చూడలేదు, దూరము కొలువలేదు. నీరున్న చోటునుండి మఱల నీరున్న చోటికి దారి తీసిరి. వసంతమున చెట్టు పూయును గాని వాగు ఎండును. పూవుల కాలమే దప్పిక కాలము కూడ. ఇంటిల్లిపాది కలిసి ఆ కాలమున ఆ యడవిని దాటవలెనన్నచో, రెండు నీటి తావుల నడుమ దూరము పసివాడు ఓర్వగలిగినంతయే యుండవలెను. దేవుని పేరు చెప్పుకొని నడచిన యాత్రలో ప్రతి పూటయు ఎదురైన ప్రశ్న మాత్రము నీటిదే.

ఈ యాత్ర యెంత ప్రాచీనమో చెప్పుటకు పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమే చాలును. అందలి పర్వత ప్రకరణమున శివరాత్రికి శ్రీశైలము చేరు జనుల ప్రయాణము, వారి పాటలు, ఆటలు, కొండమీది యుత్సవము విస్తారముగా వర్ణింపబడినవి. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, వెన్నెల పదములు మున్నగు జనుల పాటల పేళ్లను ఆ కవియే మనకు మిగిల్చినాడు. పండితులు వీనిని దేశి కవితకు సాక్ష్యములుగా గ్రహింతురు. అవి నడకకు సాక్ష్యములు కూడ. పర్వత పదము పీటపై కూర్చుండి పాడునది కాదు. ముందు నడచువాడు ఒక చరణ మెత్తుకొనగా వెనుకనున్నవారు అందుకొని, అలసిన కాళ్లను మఱచి మఱి నాలుగడుగులు వేయుటకు పుట్టినది. తప్పిపోయిన పిల్లవానికి దారి చూపునదియు, పొదలోని మృగమును తొలగించునదియు ఆ గొంతుకలే.

12వ శతాబ్దమున కల్యాణమునుండి అక్క మహాదేవి ఒంటరిగా ఈ కొండకు నడచి వచ్చినది. ఆమె వచనములన్నింటను చెన్నమల్లికార్జునుడే అంకితము. అట్టి విరాగిణికి దారిలో మెట్లు అక్కఱలేదు. సంసారులకు అక్కఱ. ఆ యక్కఱను గుర్తించిన రాజు ప్రోలయ వేమారెడ్డి.

1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట తెలుగుదేశమున బాటలు పాడుపడినవి, సత్రములు మూతపడినవి, యాత్రలు సన్నగిల్లినవి. అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును నిలిపిన ప్రోలయ వేముడు శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. ఎఱ్ఱాప్రగడ ఈతని యాశ్రితుడు. యుద్ధముల మధ్య రాజ్యమును కూడగట్టుకొనుచున్న రాజునకు కోటగోడలు ముందు తోచుట సహజము. ఈతనికి కొండమెట్లును తోచినవి. మెట్టు అనునది యువకునకు అవసరము లేని వస్తువు. వాడు రాళ్లు పట్టుకొని యెక్కగలడు. మోకాళ్ల నొప్పి గల అవ్వకు, చంకలో బిడ్డ గల తల్లికి, నెత్తిన మూట గల కూలికి మెట్టు కావలెను. రాజు రాతిని పఱపించినది వారి కొఱకే యనుకొనుట తప్పు కాబోదు.

ఇచ్చట ఒక విషయము పోల్చిచూడదగియున్నది. ఈ వేముని మనుమడు కొండవీటి కుమారగిరి రెడ్డి. ఆతనికి కర్పూర వసంతరాయలని బిరుదు. ఏటేట ఆతడు జరిపించిన వసంతోత్సవములకు అవచి తిప్పయసెట్టి ద్వీపాంతరములనుండి కర్పూరమును, కస్తూరిని, ఇతర సుగంధ ద్రవ్యములను తెప్పించి యిచ్చెడివాడని శ్రీనాథుని హరవిలాసము వలన తెలియుచున్నది. ఆ ఉత్సవములు తెలుగు సంస్కృతికి అలంకారములనుటలో సందేహము లేదు. అయినను కొండవీటి వీథులలో చల్లిన కర్పూరము సాయంకాలమునకే గాలిలో కలిసిపోయినది. తాత వేయించిన రాళ్లపై పాదములు పడుచునే యున్నవి. వసంతమును అనుభవించుటలో ఇరువురి పద్ధతులు రెండు. సామాన్యులకు దక్కినది తాతగారి వసంతము.

తరువాతివారును ఈ క్షేత్రమును మఱవలేదు. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలాలయమున వీరశిరోమండపమును కట్టించెను. దేవునికి తమ యంగములనే సమర్పించు వీరశైవ భక్తుల కొఱకు అది యేర్పడినది. 1393లో విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు, అనగా కొండ దిగువనున్న కృష్ణకు, సోపానములు కట్టించినది. కొండ నెక్కుటకు రెడ్డిరాజు, నీటికి దిగుటకు రాయల రాణి. ఆలయ శాసనములలో మండపములకును గోపురములకును లభించిన పేరు ఈ దిగుడు మెట్లకు లభింపకపోవుట న్యాయము కాదు. నడిచి వచ్చి స్నానము చేయలేని యాత్రికునకు గోపుర మేమి చేయును?

ఇక బాట సంగతి. మైదానపు పొలములు వెంకటాపురముతో ముగిసి యడవి మొదలగును. నాగలూటి వద్ద వీరభద్రస్వామి ప్రాచీనాలయమును, రాతికట్టడపు కోనేరును కలవు. పూర్వము యాత్రికులు తొలి రాత్రి ఇచ్చట విడిసి, వంటచెఱకు ఏరుకొని, మూడురాళ్ల పొయ్యి పెట్టి వండుకొనెడివారు. మఱునాటికి కావలసినవి మూటలలో నుండును: పేలపిండి, అటుకులు, బెల్లము. కన్నడ సీమవారి మూటలలో ఎండిన జొన్నరొట్టెలు, వేరుసెనగ పొడి. సొరకాయబుఱ్ఱలలో నీరు నింపుకొని భుజమునకు వ్రేలాడగట్టుకొనెడివారు. ఆ బుఱ్ఱ తేలిక. నీరు చల్లగా నుండును. పగిలినచో పారవైచినను అడవిలో కలిసిపోవును. ఈ చివరి గుణము అప్పటివారు ఎన్నుకొని చేసినది కాకపోవచ్చును గాని, నేడు తలచుకొనదగినది.

నాగలూటి దాటినది మొదలు మెట్లదారి. దామెర్లకుంట మీదుగా పెద్దచెఱువు చేరువఱకు బాట ఎక్కుచు దిగుచు పోవును. పెద్దచెఱువును జనులు పేచెఱువని పలుకుదురు. అడవి నడుమ చెఱువు, దాని దాపున చెంచుగూడెము. ఆకు లేని మ్రాకులనే చూచి చూచి వచ్చిన కంటికి అచ్చట చెఱువుకట్ట చుట్టును పచ్చదనము కానవచ్చును. పిల్లలు మోదుగపూలు దోసిళ్లతో ఏరుకొందురు. వానిని నానబెట్టిన నీరు పసుపు కలిసిన యెఱుపుగా మాఱుట వారికి వినోదము. పెద్దలు మోదుగాకు విస్తళ్లు కుట్టుదురు. తెల్లవాఱుజామున రాలిన ఇప్పపూలను చెంచు స్త్రీలు ఏరుకొనుచుందురు. ఎలుగుబంటికిని ఆ పూలన్న మక్కువ గనుక, చీకటి విడువకమున్నే ఇప్పచెట్ల క్రిందికి పిల్లలను పోనీయరాదని తెలిసినవారు చెప్పుదురు.

మల్లికార్జున నామమునకు సంబంధించిన కథ యొకటి ఈ దారిలో పిల్లలకు తప్పక చెప్పబడును. చంద్రవతి యను రాజపుత్రిక మల్లెపూలతో శివుని పూజించెననియు, అందుచే స్వామికి మల్లికార్జునుడను పేరు వచ్చెననియు నొక కథ. మద్దిచెట్టును మల్లెతీగ అల్లుకొన్న చోట లింగము వెలసెనని మఱియొక కథ. అర్జునమనగా మద్ది. అందు ఏఱుమద్ది వాగుల యొడ్డుననే పెరుగు వృక్షము. ఎండకాలమున దాని తెల్లని బోదె కనబడినచో చేరువలో తేమ యున్నదని అడవివారు గుర్తుపట్టుదురు. మల్లె వసంతపు గుర్తు, మద్ది నీటి గుర్తు. స్వామి పేరులో రెండును ఉన్నవి.

మఠంబావి గడచిన పిమ్మట భీముని కొలను. ఈ బాటలో కష్టమంతయు ఇచ్చటనే. లోతైన లోయలోనికి మెట్లు దిగవలెను. అడుగున బండల నడుమ నీరు. మఱల ఎదుటి కొండపైకి నిట్టనిలువుగా మెట్లు. వనవాసమున ద్రౌపదికి దాహమగుటచే భీముడు గదతో మోది నీరు రప్పించెనని చెప్పుకొందురు. కథ నిజానిజముల మాట యటుండగా, అది పుట్టిన చోటు మాత్రము సరియైనది. దిగుటలో వణకిన కాళ్లతో, ఎక్కవలసిన కొండను తలయెత్తి చూచుచు కూర్చున్న ఇల్లాలికి ద్రౌపది గుర్తు రాక మానదు. ఆమెకు నీరు తెచ్చియిచ్చు భర్తకు భీముడనిపించుకొనుటలో కొంత సంతోషమును కలదు. లోయలో నీడ దట్టము. పైన అడవి మాడినను అచ్చట చల్లదనము మిగిలియుండును. ఎక్కి ముగించినచో రాతి ద్వారము, అదియే కైలాసద్వారము. ఆ ద్వారము వద్ద కూలబడి చెమట తుడుచుకొనువారి ముఖములలో కనబడు తృప్తి మోటారు దిగినవారి ముఖములలో కనబడదు. ఆ పేరు పెట్టినవాడు తాను స్వయముగా ఆ మెట్లెక్కియుండవలెను.

అడవికి అసలు ఇంటివారు చెంచులు. మల్లికార్జునుని వారు చెంచు మల్లయ్య యని తమవానిగా చెప్పుకొందురు. పూర్వము యాత్రికుల గుంపులకు దారి చూపి, దొంగలనుండియు మృగములనుండియు కాపాడి, అందుకు రుసుము పుచ్చుకొనెడివారు. దీనిని కొందఱు దోపిడిగా వ్రాసిరి. దారి తెలిసినవాడు దారి తెలియనివానిని క్షేమముగా దాటించి పుచ్చుకొన్నది కూలియే గాని దోపిడి కాదు. పన్ను వేఱొకటి యుండెను. కందనూరు నవాబుల యేలుబడిలో శ్రీశైల యాత్రికులనుండి వారు సుంకము రాబట్టుచుండిరి. 1839లో కుంపిణీవారు నవాబును తొలగించు వఱకు ఆ సీమ వారి చేతిలోనే యుండెను.

ఆ కాలపు స్థితి తెలిసికొనుటకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర కన్న మంచి గ్రంథము లేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18వ తేదీన కుటుంబముతోను పరివారముతోను ఇంచుమించు 100 మందిని వెంటబెట్టుకొని బయలుదేరి, అహోబిలము చూచుకొని, ఆత్మకూరు బాటనే శ్రీశైలము చేరెను. ఆయన వెళ్లినది వసంతము దాటిన గ్రీష్మమున. ఊరూరను ఆయన గమనించినది వసతి యెట్లున్నది, సరకులు దొరకునా, నీరు మంచిదా యని. అంతమందిని పోషించుకొనుచు నడచు గృహయజమాని దృష్టి యది. క్షేత్రమునుండి సొమ్ము రాబట్టు ప్రభువు దాని బాగోగులను పట్టించుకొనకపోవుటను కూడ ఆయన చూచి వ్రాసినాడు. ఆ గ్రంథము ఆయన గతించిన పిమ్మట 1838లో అచ్చుపడినది. తెలుగున కుటుంబయాత్రకు అంతటి విపులమైన దినచర్య అంతకు ముందు లేదు.

శివరాత్రి తెలుగువారి యాత్ర యైనచో, యుగాది కన్నడిగుల యాత్ర. రాయచూరు, బళ్లారి, బాగలకోట మున్నగు సీమలనుండి ఇంటిల్లిపాదియు, ఒక్కొక్కచోట ఊరికి ఊరును నడచి వత్తురు. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా వారు భావింతురు. కావుననే సంవత్సరాదికి పసుపు కుంకుమలు, చీర, రవిక, సారె మోసికొని వచ్చెదరు. కొందఱు మ్రొక్కుబడిగా కఱ్ఱకాళ్లపై నడచివచ్చుటయు కలదు. దేవాలయమున వరములు కోరుకొనుటకు పోవువాడు వట్టిచేతులతో పోవచ్చును. ఆడపడుచు నింటికి పోవువాడు పోరాదు. అందుచే ఈ యాత్రకు మూటలు బరువు, నవ్వులు ఎక్కువ. దారిలో రెడ్డిసీమ రైతులు మజ్జిగ, అంబలి, నీరు ఇచ్చి పంపుట ఆనవాయితీ. భాష తెలియకున్నను మల్లయ్య పేరు ఇరువురకు తెలియును. రాష్ట్రముల సరిహద్దులు 1953లోను 1956లోను మాఱినవి. సారె మోయు దారి మాఱలేదు.

20వ శతాబ్దపు నడిమి భాగమున దోర్నాల వైపునుండి మోటారు బాట వృద్ధిపొందినది. 1963లో శ్రీశైలము వద్ద కృష్ణపై ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన పిమ్మట రాకపోకలు మఱింత హెచ్చినవి. ఆత్మకూరునుండి దోర్నాల మీదుగా పోయినచో 100 కిలోమీటర్లకు పైగా దూరము. అడవిబాటకు అది రెండు రెట్లకు మించును. అయినను కొన్ని గంటలలో ముగియును. వృద్ధులకును రోగులకును ఇది గొప్ప మేలు. మోటారు వచ్చుటతో కుటుంబములు అడవిబాటను విడిచినవి. బాటపై నడక తగ్గగా మెట్లు కదలినవి, కుంటలు పూడినవి, మంటపములలో చెట్లు మొలచినవి. నడచువాడు లేనిచో పూడిక తీయువాడును ఉండడు. 1978లో ఈ యడవి అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ పథకము క్రిందికి వచ్చినది. అప్పటినుండి అడవి మృగములది, మనుష్యులు అతిథులు. సాధారణ దినములలో ఈ బాటను పోవుటకు వీలు లేదు. శివరాత్రికిని యుగాదికిని మాత్రము అటవీశాఖవారు దారి విడుతురు. అప్పుడు వేలకొలది జనము మఱల ఆ మెట్లపై సాగును. పిల్లలు పెద్దల భుజములపైకి ఎక్కుదురు. దాతలు అన్నశాలలు పెట్టుదురు.

దప్పిక సమస్యయు రూపము మాఱినది. ట్యాంకులతో నీరు చేర్చుచున్నారు. ప్లాస్టిక్ సీసాలును సంచులును చేతికి వచ్చినవి. నీటి కొఱకు కొలను వఱకు ఓర్చుకొని నడువవలసిన పని లేదు. కాని సొరకాయబుఱ్ఱవలె ఈ సీసా మట్టిలో కలియదు. పండుగ గడచిన పిమ్మట వానిని ఏరుటకు స్వచ్ఛంద సేవకులును అటవీశాఖవారును మూటలు పట్టుకొని అదే బాటను మఱల నడుచుచున్నారు. తిండి వాసన తగిలిన సంచిని జింక నమలును. పిల్లలను ఈ దారిని తీసికొనిపోవు కుటుంబములలో కొన్ని ఇప్పుడు ఇంటినుండియే రాగి చెంబులు, మఱచెంబులు తెచ్చుకొని, ట్యాంకు వద్ద నింపుకొని పోవుచున్నవి.

యుగాది ఉత్సవములు అయిదు దినములు. అవి ముగిసి, సారె సమర్పించినవారు తిరుగుదారి పట్టిన పిమ్మట అడవి దారి మూయబడును. అప్పటికి మోదుగ పూత రాలిపోయి, చిగురుటాకు వచ్చియుండును. భీముని కొలనులో మిగిలిన నీరు తొలకరి వఱకు ఎలుగుబంటికి, కణుజునకు, పులికి చెల్లవలెను.